బియ్యం మానేయక్కర్లేదు, కంచంలో పాళ్లు మార్చండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: విజయవాడలో ఉంటున్నాం, భార్యాభర్తలిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంట్లో అరవై దాటిన అత్తగారు ఉన్నారు, షుగర్‌కీ బీపీకీ మాత్రలు వేసుకుంటారు. తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. వచ్చే ఒకటో తారీఖు నుంచి బియ్యం పూర్తిగా మానేసి చిరుధాన్యాలు తిందామని, పొద్దున కషాయం, రాత్రి పండ్లు మాత్రమే అని అనుకున్నాం. కొర్రలు, అండుకొర్రలు ఐదేసి కిలోలు తెచ్చాం. ఎండలు ముదురుతున్నాయి. ఎలా మొదలుపెట్టాలి?

మీ ఉద్దేశం చాలా మంచిది అండీ. ఒకటో తారీఖు నుంచి అన్నీ ఒకేసారి అనడమే సరికాదు. నలుగురికీ ఒక్క రోజులో తిండి మార్చేస్తే పదిహేను రోజులకు విసుగొచ్చి ఇల్లంతా పాత కంచానికే వెళ్లిపోతుంది. పైగా అత్తగారి విషయంలో అది ప్రమాదం కూడా. ఆవిడ సంగతే ముందు చెబుతాను.

షుగర్ మాత్రల మోతాదు ఆవిడ ఇప్పుడు తింటున్న అన్నానికి తగ్గట్టు కుదిరి ఉంటుంది. వాటిలో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, ఉన్నట్టుండి అన్నం మానేసి రాత్రి నాలుగు పండు ముక్కలు తిని పడుకుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, మాట తడబడటం దాని గుర్తులు. మీటరులో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు టీస్పూన్ల పంచదార అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. పెరక్కపోతే ఇంకోసారి ఇవ్వండి, పెరిగాక కాస్త ఏదైనా తినిపించండి. స్పృహలో లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే ఈ భయం చాలా తక్కువ. ఏ మాత్రలో చీటీ చూసి, అన్నం తగ్గిస్తున్నామని డాక్టరుగారికి ముందే చెప్పండి. ఏడాదిగా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించకపోతే అదీ చేయించండి. నేను కింద పప్పు, ఆకుకూరలు పెంచమంటున్నాను. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఆ సలహా ఆవిడకు పనికిరాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు.

ఇక అసలు విషయం. మనకు చేటు చేస్తున్నది బియ్యం అనే గింజ కాదు, మనం అన్నం కలుపుకునే పద్ధతి. కృష్ణా గుంటూరు ఇళ్లలో భోజనం వాయిల లెక్కన సాగుతుంది. పచ్చడితో ఓ వాయి, పప్పుతో ఓ వాయి, తర్వాత కూర, ఆపైన చారు, చివర పెరుగు. ప్రతి వాయికీ అన్నం కొత్తగా పడుతుంది. పప్పు, కూర ఆ అన్నానికి రుచి పట్టేంత వరకే. నలుగురికి టీ గ్లాసుడు కందిపప్పు, అరకిలో దొండకాయలు వండి, బియ్యం మాత్రం ముప్పావు కిలో పోసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇదే కంచంలో బియ్యం తీసి కొర్రలు పెట్టినా పాళ్లు అవే ఉంటాయి, ఫలితం కూడా కాస్త అటూ ఇటూగా అదే వస్తుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి, వండకముందు బరువు లెక్కన, ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, పండ్లు 100, వేరుశెనగ, నువ్వుల లాంటి గింజలు 35, నూనె నెయ్యి 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలి. మీ ఇంట్లో ఎంత పడుతోందో మూడు రోజులు వంటింటి కాటా మీద పెట్టి చూసుకోండి. బియ్యం కొలత దగ్గర పెద్ద ఆశ్చర్యం ఉండదు, పప్పు, కూరల కొలత చూస్తేనే విషయం అర్థమవుతుంది.

మార్పు మధ్యాహ్నం కంచంతో మొదలుపెట్టండి, సెలవు రోజున. అన్నం రెండు వాయిలకు కుదించండి. మొదటి వాయిలో పప్పు, కూర రెండూ ఉండాలి. రెండో వాయి చారుతోనో, పెరుగుతోనో, ఏదో ఒకదానితో. పెరుగన్నం తినందే భోజనం చేసినట్టు ఉండదనే వాళ్లు చారు గ్లాసులో పోసుకుని తాగేయవచ్చు. పెద్దవాళ్లకు పూటకు 75 గ్రాముల బియ్యం చాలు, ఉడికితే 200 నుంచి 225 గ్రాముల అన్నం అవుతుంది. అత్తగారికి 50 గ్రాములతో మొదలుపెట్టవచ్చు, అదీ డాక్టరుతో మాట్లాడాకే. ఒక్కసారి తూచి, ఆ అన్నం ఏ గిన్నెకు సరిపోతుందో చూసి ఆ గిన్నెనే కొలతగా ఉంచుకోండి, రోజూ కాటా తీయనక్కర్లేదు. ఆ తగ్గిన చోట పప్పు మనిషికి 30 గ్రాములు, కూరలు 200 గ్రాములు రావాలి. అంటే నలుగురికి ఆకుకూర పప్పుతో పాటు ఇంకో అరకిలో కూర విడిగా ఉండాలి.

ఇంకో రెండు చిన్న పనులు చాలా మేలు చేస్తాయి. కంచంలో కూర ముందు వడ్డించి, అందులో సగం ఉత్తిదే తిన్నాక అన్నం పెట్టుకోండి. పీచు, మాంసకృత్తులు ముందు కడుపులో పడితే తర్వాత వచ్చే అన్నం తాలూకు షుగర్ మెల్లగా ఎక్కుతుంది. రెండోది, అన్నం గిన్నె వంటింటి గట్టు మీదే ఉంచి, పప్పు గిన్నె, కూర గిన్నె మాత్రం బల్ల మీద పెట్టండి. మన ఇళ్లలో మారు వడ్డించడం ప్రేమ కింద లెక్క, వద్దన్నా గరిటెడు అన్నం పడుతుంది. ఆ ప్రేమ కూర గరిటెతో చూపించవచ్చు.

ఆకుకూర పప్పు వండే తీరు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో ఇది కుక్కర్లో అన్నీ కలిపి వేసేయడంతోనే పాడవుతుంది. నలుగురికి 120 గ్రాముల కందిపప్పు కడిగి అరగంట నానబెట్టి, రెండున్నర రెట్లు నీళ్లు, చిటికెడు పసుపు వేసి మూడు విజిల్స్ రానివ్వండి. తోటకూర అయితే రెండు కట్టలు, దాదాపు 300 గ్రాములు. ముందు కడిగి తర్వాత కోయండి. కోశాక కడిగితే నీళ్లలో కరిగే విటమిన్లు ఆ నీళ్లతోనే పోతాయి. ఆవిరి పోయాక మూత తీసి, ఉడికిన పప్పులో కూర, పచ్చిమిరపకాయలు వేసి, సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు ఉంచితే చాలు. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం వేడికి తట్టుకోలేదు, ఎంత ఎక్కువసేపు ఉడికిస్తే అంత పోతుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. దాన్ని మనం పప్పు కుక్కర్లో ఐదు విజిల్స్ దాకా ఉడికించి పోగొట్టుకోవడం బాధగా ఉంటుంది.

పుల్లటి కూరలు, అంటే గోంగూర, చుక్కకూర, మామిడికాయ, పప్పుతో కలిపి కుక్కర్లో వేస్తే పప్పు బద్దలు బద్దలుగానే ఉండిపోతుంది. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. పప్పు విడిగా ఉడికాకే పులుపు చేరాలి. చింతపండు రసం కూడా అంతే. తోటకూర లాంటి వాటిలోని ఇనుము ఒంటికి పట్టాలంటే దించాక నిమ్మరసం పిండండి. భోజనమైన వెంటనే టీ తాగితే ఆ ఇనుము చాలావరకు ఒంటికి అందదు, గంట ఆగి తాగండి. కిడ్నీలో రాళ్లు వచ్చిన వాళ్లు ఇంట్లో ఉంటే పాలకూర, బచ్చలి, గోంగూర తగ్గించి మెంతికూర వైపు వెళ్లడం మంచిది.

వేపుళ్లు మానక్కర్లేదు, నూనె తగ్గించాలంతే. అరకిలో దొండకాయలకు మూడు టీస్పూన్ల నూనెతో తాలింపు వేసి, ముక్కలు, ఉప్పు వేసి, మీద పళ్లెం మూతపెట్టి ఆ పళ్లెంలో నీళ్లు పోయండి. ఆవిరి పైకి పోలేక లోపలే నీరై కారుతుంది, ముక్క అడుగంటకుండా మగ్గుతుంది. పదిహేను నిమిషాలకు మూత తీసి, చివరి ఐదు నిమిషాలు సెగ పెంచితే వేగిన రంగు వస్తుంది. మూత లేకుండా మొదటి నుంచీ వేయించినందువల్లే గరిటెలకు గరిటెలు నూనె పడుతోంది. నలుగురున్న ఇంటికి నెలకు రెండున్నర నుంచి మూడు లీటర్ల నూనె చాలు. పచ్చళ్లలో పోసే నూనె కూడా ఆ లెక్కలోకే వస్తుందని మరిచిపోకండి.

బియ్యం విషయంలో ఒక మాట. మనం తినేది ఎక్కువగా బీపీటీ 5204. సాంబ మసూరి అని పేరు పెట్టి బాపట్ల వరి పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన రకం. గింజ సన్నం, అన్నం పలుకుగా ఉంటుంది, మంచి రకమే. దాన్ని మిల్లులో తెల్లగా మెరిసేదాకా పట్టడంతో పైనున్న తవుడు, దాంతో పాటు బి విటమిన్లు, పీచు పోతున్నాయి. సింగిల్ పాలిష్ బియ్యం అడగండి, దొరుకుతోంది. పూర్తి దంపుడు బియ్యం అయితే మొదట సగం సగం కలిపి వండండి, దంపుడు బియ్యాన్ని మాత్రం రెండు గంటలు ముందుగా నానబెట్టాలి. ఒకటికి మూడు నీళ్లు. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి మన ఎండలకు ఇది త్వరగా ముక్క వాసన వేస్తుంది, పురుగూ పడుతుంది. రెండు మూడు కిలోలకు మించి ఒకేసారి కొనొద్దు.

మీరు తెచ్చిన కొర్రలకూ ఇదే బెడద. పది కిలోలు ఒక వేసవికి మీ ఇంటికి ఎక్కువ. నెలకు సరిపడా డబ్బాలో ఉంచుకుని మిగతావి గాలి చొరని కవర్లలో కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా చుట్టాలకు పంచండి. వారానికి మూడు రాత్రులు కొర్రన్నం వండుకోవడం మంచి మొదలు. మనిషికి 40 గ్రాములు. ఆరు గంటలు నానాలి, ఆఫీసుకు వెళ్లేటప్పుడు నీళ్లు పోసి పెడితే రాత్రికి సిద్ధంగా ఉంటాయి. ఎండలు బాగా ముదిరాక గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి, బయట ఉంటే సాయంత్రానికి పులిసిపోతాయి. ఒకటికి రెండున్నర నీళ్లు, సన్నని సెగ మీద మూతపెట్టి ఉడికించి, దించాక పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నానకుండా వండితే పైకి ఉడికినట్టే ఉండి లోపల గట్టిగా ఉంటుంది, కడుపు ఉబ్బరం వచ్చి మూడో రోజుకే ఇంట్లో అందరూ వద్దంటారు. గొంతు పట్టేసినట్టు పొడిగా ఉంటే పులుసుతోనో, పల్చటి పప్పుచారుతోనో తినండి. వేపుడుతో ఎండిపోయినట్టు ఉంటుంది.

కొర్రలు కదా అని కంచం నిండా పెట్టుకుంటే లాభం లేదు. వాటిలోనూ పిండిపదార్థమే ఎక్కువ, బియ్యం కన్నా పీచు కాస్త ఎక్కువ, అంతే. రవ్వగా, పిండిగా మారి ఉప్మా, దోశ అయ్యాక షుగర్ ఇంకా త్వరగా ఎక్కుతుంది. అత్తగారికి ఏది పడుతుందో మీటరే చెబుతుంది. ఒక రోజు 50 గ్రాముల బియ్యం వండి, ఇంకో రోజు 50 గ్రాముల కొర్రలు వండి, అవే పప్పు కూరలతో పెట్టండి. మొదటి ముద్ద తిన్న దగ్గర్నుంచి సరిగ్గా రెండు గంటలకు చూడండి. తిండి అయిపోయిన దగ్గర్నుంచి లెక్కపెడితే అంకె మారిపోతుంది. ఇలా రెండేసి సార్లు చూస్తే ఊహాగానాలు అక్కర్లేదు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతుంటే బి12 కూడా ఒకసారి చూపించండి, ఆ మాత్ర దాన్ని తగ్గిస్తుంది. అరికెలు ఎప్పుడైనా కొంటే బూజు వాసన ఉందేమో చూడండి. ఉంటే కడిగి వాడదామనుకోవద్దు, పారేయండి. బూజు పట్టిన అరికెలు తింటే మత్తు, వాంతులు వస్తాయి.

పొద్దున కషాయం గురించి అడిగారు. మిరియాలు, శొంఠి వేసి కాచిన కషాయం ఏప్రిల్, మే నెలల్లో పరగడుపున తాగితే కడుపులో మంట తప్ప ఒరిగేదేమీ లేదు. జలుబు చేసినప్పుడు తాగండి. పొద్దుటి పూట మజ్జిగ కలిపిన రాగి జావ మన ఊరి ఎండకు తగిన పని. పిండి ఇంట్లోనే పట్టించుకుంటే నాణ్యత మీ చేతిలో ఉంటుంది. కిలో రాగులు ఇసుక పోయేదాకా నాలుగైదుసార్లు గాలించి, రాత్రంతా నానబెట్టి, చిల్లుల గిన్నెలో గంటసేపు నీరంతా వాడ్చాలి. తర్వాత తడి నూలుగుడ్డలో వదులుగా కట్టి పెడితే ఈ వేడికి ఒక రోజులోపే తెల్లటి మొలక కొస కనిపిస్తుంది. అక్కడితో ఆపండి. పొడుగు మొలక వస్తే పిండి చేదెక్కుతుంది. నీరు సరిగా వాడ్చకపోతే మూట లోపల జిగురొచ్చి పుల్లటి వాసన వేస్తుంది, అది పనికిరాదు. ఫ్యాను కింద ఆరబెట్టి, పూర్తిగా ఎండాక, సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి మరపట్టించండి. నోట్లో వేసుకుని కొరికితే పటుక్కుమనాలి. మెత్తగా తగిలితే ఇంకా తేమ ఉన్నట్టు, అలాంటి పిండి పది రోజుల్లో బూజు పడుతుంది. జల్లెడ పట్టొద్దు, పీచు పోతుంది.

జావకు నలుగురికి 60 గ్రాముల పిండి, మొత్తం లీటరు నీళ్లు. పిండిని ముందు ఒక గ్లాసు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మిగతా నీళ్లు మరుగుతుండగా సన్నటి ధారగా పోస్తూ తిప్పాలి. పొడి పిండి మరిగే నీళ్లలో వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండే ఉండలు కడుతుంది, ఎంత చిదిమినా పోవు. ఏడెనిమిది నిమిషాలకు పచ్చి వాసన పోయి నిగనిగలాడుతుంది. గోరువెచ్చగా అయ్యాకే రెండు గ్లాసుల మజ్జిగ కలపండి, వేడి మీద పోస్తే విరిగిపోతుంది. మొలకల పిండితో జావ పల్చగానే ఉంటుంది, మొలకెత్తేటప్పుడు పుట్టే ఎంజైము పిండిని పల్చబరుస్తుంది. చిక్కబడలేదని ఇంకో నాలుగు చెంచాలు వేయకండి. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంది, బాబుకు, అత్తగారికి ఇద్దరికీ అవసరమే. కానీ పల్చటి జావ ఒక్కటే తాగితే అత్తగారికి షుగర్ త్వరగా ఎక్కుతుంది. ఆవిడకు సగం గ్లాసు జావ, దాంతో ఒక పెసరట్టు పెట్టండి.

పెసరట్టుకు పొట్టు పెసలే వాడండి. 200 గ్రాములు నలుగురికి వస్తాయి. ఆరు గంటలు నానితే చాలు, వేసవిలో ఎనిమిది దాటితే వాసన వస్తుంది. గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి వెంటనే పోయాలి, పులియనక్కర్లేదు. లోపల ఉప్మా పెట్టడం మన ఊరి రుచే గానీ షుగర్ ఉన్నవాళ్లకు వద్దు. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుందని చాలామంది గమనించరు. అత్తగారి కంచంలో దాని బదులు బెల్లం వేయని టమాటా పచ్చడి పెట్టండి. ఇడ్లీకి ఒకటికి రెండు రవ్వ పోస్తున్నట్టయితే ఒకటికి ఒకటిన్నరకు తగ్గించండి, మినప్పప్పు పాలు పెరుగుతాయి.

రాత్రి మిగిలిన అన్నం పారేయకండి, చద్దన్నం చేసుకోండి. మిగిలిన అన్నాన్ని గంటా గంటన్నరలో చల్లార్చి, మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల పెరుగు కలిపి మూతపెట్టాలి. మే నెలలో తెల్లారి ఆరు గంటలకే సరిగ్గా పులుస్తుంది, తొమ్మిదిదాకా ఉంచితే పులుపెక్కువవుతుంది. పుల్లటి వాసన ఉండాలి. ముద్ద తీస్తే తీగలు సాగినా, పాచి వాసన వేసినా పారేయాల్సిందే. పొయ్యి మీద గిన్నెలోనే రాత్రంతా వెచ్చగా వదిలేసిన అన్నంతో చేయకూడదు, అందులో పెరిగే సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే ఊరగాయ అక్కర్లేదు.

ఊరగాయ మాట వచ్చింది కాబట్టి ఉప్పు సంగతి. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే సమానంగా కొట్టిన ఒక టీస్పూను. నలుగురికి నెలకు 600 గ్రాములు, అన్నీ కలిపి. మన పాళ్లతో పెట్టిన ఆవకాయ బరువులో సుమారు పదో వంతు ఉప్పే. ఒక ముక్క, దాని గుజ్జు కలిపి 15 గ్రాములు వేసుకుంటే గ్రామున్నర ఉప్పు అక్కడే అయిపోయింది. అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ దానికి అదనం. అత్తగారికి ఆవకాయ ఆదివారానికి ఉంచి, మామూలు రోజుల్లో దోసకాయ, బీరపొట్టు లాంటి రోటి పచ్చళ్లు అప్పటికప్పుడు సగం ఉప్పుతో చేసి పెట్టండి. పులుపు కాస్త పెంచితే ఉప్పు తక్కువైనట్టు తెలియదు. కారం నేరుగా బీపీ పెంచదు గానీ, గుంటూరు కారం ఘాటు తట్టుకోవడానికి ఇంకో రెండు ముద్దల అన్నం, ఇంకాస్త నెయ్యి కలుపుతాం, నష్టం అక్కడ జరుగుతుంది. తక్కువ సోడియం ఉప్పు అని అమ్ముతున్నదాంట్లో పొటాషియం ఉంటుంది. బీపీకి టెల్మిసార్టన్ లాంటివి వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా అది వాడకూడదు.

సాయంత్రం ఆరింటికి ఆకలితో ఇంటికొస్తూ పునుగుల బండి దాటడం ఎవరికైనా కష్టమే. దానికి మందు ఆకలి లేకుండా చూసుకోవడం. పొద్దున ఉడికించిన శెనగలు గుప్పెడు, లేదా ఉడికించిన వేరుశెనక్కాయలు, ఒక జామకాయ నాలుగున్నరకే ఆఫీసులో తినేయండి. బాబుకు స్కూలు నుంచి రాగానే గుడ్డో, గుగ్గిళ్లో సిద్ధంగా ఉండాలి. పెరిగే పిల్లాడికి అన్నం కోత పెట్టొద్దు, పప్పు, గుడ్డు, పెరుగు కలపండి చాలు. పీచు మరీ ఎక్కువైతే వాడికి కడుపు నిండిపోయి తినాల్సింది తినలేడు. రాగి లడ్డూలో బెల్లం పాలే ఎక్కువ, దాన్ని మిఠాయిగానే చూడండి.

రాత్రి పండ్లు మాత్రమే అనే ఆలోచన వదిలేయండి. అందులో మాంసకృత్తులు దాదాపు లేవు, పదిన్నరకు మళ్లీ ఆకలేసి బిస్కెట్ ప్యాకెట్ వైపు చేయి వెళ్తుంది. పైగా మామిడిపండ్ల కాలం. ఒక మాదిరి బంగినపల్లి తింటే 30 గ్రాముల పైన చక్కెర. అత్తగారు తినదలిస్తే ఒక చెంప, మధ్యాహ్నం, ఆ పూట అన్నం కాస్త తగ్గించి. రాత్రికి కొర్రన్నం లేని రోజుల్లో రెండు జొన్నరొట్టెలు, పప్పు లేదా గుడ్డు పులుసు, సొరకాయ కూర చాలు. జొన్నపిండి వేడి నీళ్లతో కలిపితేనే రొట్టె పగలకుండా వస్తుంది. ఎనిమిదిలోపు తిని, పడకకు కనీసం రెండు గంటలు వదలండి. తిన్నాక పది పదిహేను నిమిషాలు డాబా మీద నడవండి, అందరూ కలిసి. భోజనం తర్వాతి షుగర్ మీద ఆ నడక స్పష్టంగా పనిచేస్తుంది, అత్తగారి మీటరులో మీకే కనిపిస్తుంది. పొద్దున నడిచేవాళ్లు ఈ నెలల్లో ఆరున్నరకు ముందే ముగించాలి. భోజనం బల్ల దగ్గర ఫోన్లు వద్దు. చూస్తూ తినేవాళ్లకు ఎంత తిన్నారో తెలియదు, ముఖ్యంగా పిల్లలకు.

నీళ్లు రెండున్నర మూడు లీటర్లు, ఎండలో తిరిగితే ఇంకా ఎక్కువ. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్టు. పెరుగు ఒకటికి నీళ్లు నాలుగు పోసి, చిలికి, అల్లం, కరివేపాకు, నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ మధ్యాహ్నానికి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి తాగండి. తాటిముంజలు మీది పల్చని పొరతో సహా తినండి. వడదెబ్బకో, విరేచనాలకో నీరసపడితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, సమానంగా కొట్టి, కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కళ్లతో అంచనా వేయొద్దు.

ఇద్దరూ ఉద్యోగస్తులే కాబట్టి ఇదంతా నడవాలంటే రాత్రి పడుకునే ముందు ఒక్క రెండు నిమిషాల పని అలవాటు చేసుకోండి: రేపటికి ఏం నానాలి? పెసలా, శెనగలా? అది గిన్నెలో పోసి పడుకుంటే పొద్దున సగం వంట అయినట్టే. నానబెట్టడం మరిచిన రోజే బయటి టిఫిన్ వస్తుంది. కూరగాయలకు ఆదివారం పొద్దున్నే రైతుబజారుకు వెళ్లండి. 1999లో మొదలైన ఈ బజార్లలో పొద్దున ఏడులోపు వెళ్తే తాజా కూరలు దొరుకుతాయి, ధరల పట్టిక కూడా అక్కడే కనిపిస్తుంది. ఆకుకూరలు రెండు రోజులకు మించి కొనొద్దు. వేళ్లు కోసి, కడక్కుండా పొడి నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి, తడితో పెడితే మర్నాటికి కుళ్లుతాయి. వారం మొదట్లో ఆకుకూరలు, బెండ, బీర. చివర్లో దొండ, సొరకాయ, కంద, దోసకాయ వండుకునేలా చూసుకుంటే గురువారం నాటికి కూర లేదన్న మాట రాదు. మధ్యలో ఆకుకూర ఒక్కసారి ఇంటి దగ్గర బండి మీద తీసుకోండి.

మొదటి రెండు వారాలు మధ్యాహ్నం కంచం, సాయంత్రం శెనగలు, రాత్రి నడక, ఈ మూడే చేయండి. కొర్రలు మూడో వారం నుంచి మొదలుపెట్టండి. అత్తగారికి పరగడుపు అంకె 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండటం సాధారణంగా పెట్టుకునే లక్ష్యం, ఆవిడ వయసును బట్టి డాక్టరు మార్చవచ్చు. అంకెలన్నీ తేదీ వేసి, ఆ పూట ఏం తిన్నారో పక్కనే ఒక పుస్తకంలో రాసి, నెలకు డాక్టరుకు చూపించండి. మాత్ర తగ్గించాలో వద్దో ఆ కాగితం చూసి ఆయన చెబుతారు, మీరు మాత్రం సొంతంగా ఒక్క మాత్ర కూడా ఆపకండి.